తెలుగు బ్లాగులకు ప్రకటనల ఆదాయం: హెబ్బగోడి దృష్టాంతం

ఒక వ్యక్తి గానీ చిన్న బృందం గానీ తెలుగులో నడిపే బ్లాగు, తన పుటల్లో వాణిజ్య ప్రకటనలకు చోటిచ్చి పొందే సొమ్మును బ్లాగు ప్రకటనల ఆదాయం అంటారు. ఈ సొమ్ములో ఎక్కువ భాగం గూగుల్ యాడ్‌సెన్స్ వంటి మధ్యవర్తి సంస్థల ద్వారా వస్తుంది. వ్యాపారి నేరుగా ఇచ్చే ప్రకటన, వస్తువు అమ్ముడైతే దక్కే కమీషను, డబ్బు తీసుకుని రాసే ప్రాయోజిత వ్యాసం కూడా ఈ పరిధిలోకే వస్తాయి. పాఠకుల చందాలు, విరాళాలు, పుస్తకాల అమ్మకం రావు.

తెలుగు మాట్లాడేవారి సంఖ్యకూ తెలుగు బ్లాగుల రాబడికీ పొంతన కుదరదు. 2011 జనగణన ప్రకారం భారతదేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8.11 కోట్లు. హిందీ, బెంగాలీ, మరాఠీల తర్వాత నాలుగో స్థానం. అయినా ఒక పుట తెరుచుకున్నప్పుడు ఆ పుటకు పలికే ధర పాఠకుల సంఖ్యను బట్టి తేలదు. ఆ క్షణంలో ఆ పాఠకుడి కోసం, ఆ భాషలో, ఆ ఊళ్లో ఎంతమంది ప్రకటనదారులు పోటీ పడుతున్నారన్నదే ధరను నిర్ణయిస్తుంది. బెంగళూరు దక్షిణపు అంచున తెలుగువారు పెద్ద సంఖ్యలో నివసించే హెబ్బగోడి ఈ చిక్కును స్పష్టంగా చూపే ప్రాంతం.

చరిత్ర

పైరా ల్యాబ్స్ 1999లో మొదలుపెట్టిన బ్లాగర్ సేవను గూగుల్ 2003 ఫిబ్రవరిలో కొన్నది. అదే ఏడాది జూన్‌లో యాడ్‌సెన్స్ వచ్చింది. ఉచితంగా బ్లాగు, దానిమీద ప్రకటన, రెండూ ఒకే సంస్థ చేతిలో అమరడం ఇంగ్లీషు బ్లాగర్లకు వెంటనే కలిసొచ్చింది.

తెలుగులో పరిస్థితి వేరు. అప్పటికి ప్రధాన దినపత్రికలు వెబ్‌లో తమ సొంత ఫాంట్లు వాడేవి. ఆ అక్షరాలు మనిషి కంటికి తెలుగే గానీ శోధన యంత్రానికి అర్థంలేని గుర్తులు. వాటిని యూనికోడ్‌లోకి మార్చడానికి వెన్న నాగార్జున ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింతను తయారుచేశారు. 2006 ప్రాంతంలో వీవెన్ రూపొందించిన ‘లేఖిని’ యూనికోడ్‌లో తెలుగు రాయడాన్ని సులువు చేసింది. ఆయనే తెచ్చిన ‘కూడలి’ కొత్త టపాలన్నిటినీ ఒకచోట చూపింది. తేనెగూడు, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులు కూడా నడిచాయి. డిసెంబరు రెండో ఆదివారాన్ని తెలుగు బ్లాగుల దినోత్సవంగా జరుపుకునేంత ఉత్సాహం ఆ రోజుల్లో ఉండేది. ఆ తరం ఎక్కువగా రాసింది ఇష్టం కొద్దీ. రాబడి గురించిన చర్చ పెద్దగా సాగలేదు. సాగినా ఫలితం ఉండేది కాదు. ఎందుకంటే యాడ్‌సెన్స్ ఆమోదిత భాషల జాబితాలో తెలుగు లేదు. జాబితాలో లేని భాష ప్రధానంగా ఉన్న పుటలో ప్రకటన కోడ్ పెట్టడం నిబంధనల ఉల్లంఘన కిందికే వచ్చేది. ఇంగ్లీషు బ్లాగు చూపి ఖాతా తెచ్చుకుని, అదే కోడ్‌ను తెలుగు పుటల్లో అతికించినవారు ఖాతా రద్దయ్యే ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకునేవారు.

హిందీకి ఆమోదం 2014 డిసెంబరులో వచ్చింది. 2017లో బెంగాలీ, 2018లో తమిళం చేరాయి. తెలుగు వంతు కూడా 2018లోనే. యాడ్‌సెన్స్ పుట్టిన పదిహేనేళ్లకు అన్నమాట. ఈలోగా ఫేస్‌బుక్ బ్లాగరును, బ్లాగు పాఠకుణ్ణి, ఇద్దరినీ లాగేసింది. 2016 సెప్టెంబరులో జియో రావడంతో చవకైన డేటా యూట్యూబ్‌ను ఇంటింటికీ చేర్చింది. ఆదాయానికి దారి తెరుచుకునే సరికి చదివేవారు వేరే వీధికి మళ్లారు. తెలుగు బ్లాగుల ఆర్థిక చరిత్రలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది ఈ కాలవ్యత్యాసమే అనవచ్చు.

ప్రకటనల రకాలు

నెట్‌వర్క్ ప్రకటన: బ్లాగరు ఒక కోడ్ ముక్కను పుటలో పెడతాడు. ఏ ప్రకటన కనిపించాలో నెట్‌వర్క్ నిర్ణయిస్తుంది. యాడ్‌సెన్స్ ఇందులో ప్రధానమైనది. ఒకప్పుడు ప్రత్యామ్నాయంగా పేరున్న చితికా 2019లో మూతపడింది.

కమీషను లంకె: పాఠకుడు లంకె నొక్కి వస్తువు కొంటే బ్లాగరుకు వాటా అందుతుంది. 2020 జూన్‌లో ఫ్లిప్‌కార్ట్, సెప్టెంబరులో అమెజాన్ తమ అంగళ్లను తెలుగులో అందుబాటులోకి తెచ్చాక, తెలుగు వ్యాసం చదివి తెలుగులోనే కొనుగోలు ముగించే వీలు కలిగింది.

ప్రాయోజిత వ్యాసం: సంస్థ డబ్బో వస్తువో ఇచ్చి రాయించుకునేది. ఇది ప్రకటన అని పాఠకుడికి తెలిసేలా ముద్ర వేయాలి (చూ. చట్టం, పన్నులు).

నేరు ప్రకటన: దళారి ఉండడు. హోటలు యజమానో, ట్రావెల్స్ ఆఫీసో, లేఅవుట్ వేసినవారో బ్లాగరుతో మాట్లాడుకుని నెలకింత అని ఇస్తారు.

వేలం పనిచేసే తీరు

పాఠకుడు టపా తెరిచిన మరుక్షణం పుటలోని ఖాళీ చోటు వేలానికి వెళ్తుంది. పుట భాష, అందులోని విషయం, పాఠకుడు ఉన్న ఊరు, వాడుతున్న పరికరం, అనుమతి ఉంటే అతని పాత బ్రౌజింగ్ ఆసక్తులు వేలంలో పాల్గొనే యంత్రాలకు అందుతాయి. ఎక్కువ పాడినవారి ప్రకటన కనిపిస్తుంది. ఇదంతా పుట పూర్తిగా తెరుచుకునేలోపే అయిపోతుంది. గతంలో గెలిచినవారు రెండో పాటకు కాస్త పైన చెల్లించే పద్ధతి ఉండేది. 2021లో యాడ్‌సెన్స్, పాడిన ధరే చెల్లించే పద్ధతికి మారింది.

వాటా విషయంలో, ప్రకటనదారు చెల్లించినదాంట్లో 68 శాతం ప్రచురణకర్తకు ఇస్తున్నట్లు గూగుల్ 2010 మేలో తొలిసారి వెల్లడించింది. 2023 నవంబరులో ఆ లెక్కను రెండుగా విడదీసింది. ప్రకటనలు కొనే వేదిక తన రుసుము తీసుకున్నాక మిగిలినదాంట్లో 80 శాతం ప్రచురణకర్తది. గూగుల్ యాడ్స్ ద్వారా కొంటే ఆ రుసుము సగటున 15 శాతం కనుక చివరికి చేతికందేది మళ్లీ 68 దగ్గరే ఆగుతుంది. అదే సమయంలో క్లిక్‌కు ఇంత అనే చెల్లింపు పోయి, 2024 ఆరంభం నుంచి ప్రకటన కనబడినందుకు ఇంత అనే లెక్క అమలైంది.

ఆదాయాన్ని కొలిచే వాడుక ప్రమాణం వెయ్యి పుట వీక్షణలకు వచ్చిన సొమ్ము. దీన్ని ఆర్పీఎం అంటారు. యాడ్‌సెన్స్‌లో భారతీయ ఖాతాకు డబ్బు విడుదల కావాలంటే నిల్వ 100 డాలర్లు చేరాలి. ఒక బ్లాగు ఆర్పీఎం అర డాలరు అనుకుందాం. 100 డాలర్లకు 2 లక్షల పుట వీక్షణలు కావాలి. రోజుకు 3,000 వీక్షణలొచ్చే బ్లాగుకు ఇది రెండు నెలల పైచిలుకు మాట. రోజుకు 300 వస్తే దాదాపు రెండేళ్లు. ఆ రెండేళ్లలో బ్లాగరు సొంత డొమైన్ పేరుకు రెండుసార్లు రుసుము కట్టి ఉంటాడు. చిన్న బ్లాగుల్లో చాలావాటి కథ ఈ లెక్క దగ్గరే ఆగిపోతుంది.

హెబ్బగోడి: రెండు జాబితాల మధ్య పాఠకుడు

హెబ్బగోడి బెంగళూరు నగర జిల్లా ఆనేకల్ తాలూకాలో, హోసూరు రోడ్డు (44వ జాతీయ రహదారి) మీద, ఎలక్ట్రానిక్ సిటీకీ బొమ్మసంద్ర పారిశ్రామికవాడకూ ఆనుకుని ఉన్న పట్టణం. పాలన నగరసభది. 2011 జనగణనలో కర్ణాటక జనాభాలో దాదాపు 6 శాతం తెలుగును మాతృభాషగా చెప్పారు. వీరిలో తరతరాలుగా ఇక్కడే ఉన్నవారున్నారు, ఫ్యాక్టరీల్లోనూ ఐటీ కొలువుల్లోనూ చేరడానికి రాయలసీమ, కోస్తా, తెలంగాణల నుంచి వచ్చి పీజీల్లో దిగినవారూ ఉన్నారు. పక్కనే బొమ్మసంద్రలో ఉన్న నారాయణ హృదయాలయకు గుండె చికిత్స కోసం సీమ జిల్లాల నుంచి రోగులు వస్తుంటారు. అంటే కొనుగోలు అవసరాలున్న తెలుగు పాఠకుడు ఇక్కడ దండిగానే ఉన్నాడు: గది, మెస్సు, పండక్కి బస్సు టికెట్టు, ఉద్యోగం, వైద్యం, కాస్త కుదుటపడ్డాక సైటు (ఇంటి స్థలం).

అయినా అతను తెరిచే తెలుగు పుటకు మంచి ధర రాకపోవడానికి కారణం వేలం నిర్మాణంలోనే ఉంది. గూగుల్ యాడ్స్‌లో ప్రకటనదారు ప్రాంతాన్నీ భాషనూ వేర్వేరుగా ఎంచుకుంటాడు. బెంగళూరు కొనుగోలుదారు కోసం ప్రకటన ఇచ్చే బిల్డరు ప్రాంతం దగ్గర బెంగళూరు అని, భాష దగ్గర ఇంగ్లీషు, కన్నడ అని గుర్తు పెట్టడం సహజం. తెలుగు అని గుర్తు పెట్టే సంస్థ సాధారణంగా ప్రాంతం దగ్గర ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అని పెడుతుంది. హెబ్బగోడిలో తెలుగు టపా చదివేవాడు మొదటి జాబితాలో భాష వల్ల, రెండో జాబితాలో ఊరి వల్ల జారిపోతాడు. వేలంలో పాడేవారు తగ్గితే ధర పడిపోతుంది.

ఈ జారుడు సంపూర్ణం మాత్రం కాదు. గూగుల్ ప్రాంత ఎంపికలో, వేరే చోట ఉండి ఆ ప్రాంతంపై ఆసక్తి చూపేవారిని కూడా కలుపుకునే అమరిక ఉంది. కడప బస్సుల కోసం, అనంతపురంలో ఇళ్ల స్థలాల కోసం వెతికే హెబ్బగోడి వాసికి ఆ ఊళ్ల ప్రకటనలు కనబడవచ్చు. భాష విషయంలోనూ యంత్రం పాఠకుడు ఇటీవల చూసిన పుటలను లెక్కలోకి తీసుకుంటుంది కనుక, ఉదయం ఇంగ్లీషులో ఉద్యోగాల పుటలు తిరగేసినవాడికి సాయంత్రం తెలుగు టపాలో ఇంగ్లీషు ప్రకటన వచ్చే వీలుంది. తెలుగు బ్లాగుల్లో ఇంగ్లీషు ప్రకటనలు కనబడటం వెనుక ఇదీ ఒక కారణం.

విషయాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. అప్పులు, బీమా, స్థిరాస్తి, చదువులు ఎక్కువ ధర పలికే రంగాలు. కవిత్వం, జ్ఞాపకాలు, సినిమా సమీక్షల పక్కన ఫలానా వస్తువే అమ్మాలని పోటీ పడేవారు తక్కువ. తెలుగు బ్లాగులు మొదటి నుంచీ బలంగా ఉన్నది ఈ రెండో కోవలోనే. వైద్యం మధ్యస్థంగా నిలుస్తుంది. రోగిని తోడ్కొని బొమ్మసంద్రకు వచ్చే కుటుంబానికి ఎక్కడ దిగాలో, ఏ కాగితాలు తెచ్చుకోవాలో తెలుగులో చెప్పే వ్యాసం విలువైనదే. కానీ ఆరోగ్య స్థితి ఆధారంగా వ్యక్తికి గురిపెట్టే ప్రకటనలను గూగుల్ విధానం అనుమతించదు. మందుల ప్రకటనలపై కఠినమైన ఆంక్షలున్నాయి. వ్యాసానికి అవసరం ఎంత ఉన్నా వేలంలో పోటీ సన్నగానే ఉంటుంది.

ఇంకో చిక్కు లిపి. తెలుగు సమాచారం కోసం వెతికేవారిలో చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తారు. తెలుగు లిపిలో ఉన్న పుట ఆ శోధన ఫలితాల్లో వెనకబడే అవకాశం ఉంది.

ఆమోదం, చిరునామా, చెల్లింపు

యాడ్‌సెన్స్‌కు కనీస వీక్షణల షరతు లేదు. దరఖాస్తుదారుకు 18 ఏళ్లు నిండాలి, బ్లాగులో సొంత రచన ఉండాలి. పోల్చి చూస్తే యూట్యూబ్ 2018లో ప్రకటనల వాటాకు 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ అని గీత గీసింది. బ్లాగు గడప ఎత్తు తక్కువే అనిపిస్తుంది గానీ, ‘విలువ తక్కువ ఉన్న విషయం’ అనే కారణంతో వచ్చే తిరస్కరణలో ఏ టపా, ఏ లోపం అన్న వివరం ఉండదు. దినపత్రికల వార్తలను అటూ ఇటూ మార్చి పెట్టే బ్లాగులు ఈ వడపోతలో ఆగడం న్యాయమే. పొట్టి టపాలు రాసే నిజమైన రచయిత కూడా వాటితోపాటు ఆగుతాడు.

నిల్వ 10 డాలర్లకు చేరగానే చిరునామా ధ్రువీకరణకు ఒక పిన్ సంఖ్య మామూలు తపాలాలో వస్తుంది. నాలుగు నెలల్లో దాన్ని నమోదు చేయకపోతే ప్రకటనలు ఆగిపోతాయి. సొంతిల్లున్నవారికి ఇది పెద్ద పని కాదు. హెబ్బగోడి వంటి చోట ఏటా పీజీ మారేవారికి, మెట్ల కింది బల్లమీద ముప్పై మంది ఉత్తరాలు కలగలిసి పడుండే భవనాల్లో ఉండేవారికి ఆ కాగితం చేతికందడమే ఒక గండం. సొంతూరి చిరునామా ఇచ్చి, ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచుకోవడం ఇక్కడ తెలివైన పద్ధతి.

తొలి ఏళ్లలో సొమ్ము చెక్కు రూపంలో తపాలాలో వచ్చేది. ఇప్పుడు నేరుగా బ్యాంకు ఖాతాకు, నెలలో 21 నుంచి 26 తేదీల మధ్య విడుదలవుతుంది. అది విదేశీ జమ కనుక, సొమ్ము దేనికోసం వచ్చిందో తెలిపే పర్పస్ కోడ్‌ను బ్యాంకు అడగవచ్చు. మార్పిడి రేటులోనూ రుసుముల్లోనూ బ్యాంకుకూ బ్యాంకుకూ తేడా ఉంటుంది.

చెల్లని క్లిక్కులు

ప్రకటనను ఆసక్తి లేకుండా, ఆదాయం పెంచడానికే నొక్కితే దాన్ని చెల్లని క్లిక్ అంటారు. బ్లాగరు తన ప్రకటనను తానే నొక్కడం, నొక్కమని పాఠకులను కోరడం, ‘మీది నేను, నాది మీరు’ అనే ఒప్పంద బృందాల్లో చేరడం, బాట్ల రద్దీ కొనడం ఈ కోవలోవి. పీజీలో ఒకే వైఫై మీద ఉన్న స్నేహితులు ‘మనవాడి బ్లాగు కదా’ అని మంచి మనసుతో వరసగా నొక్కినా యంత్రానికి అది మోసంలాగే కనబడవచ్చు. అనుమానం వచ్చిన మొత్తం కోత పడుతుంది. తీవ్రమైతే ఖాతా మూసేస్తారు, అప్పటిదాకా పోగైన నిల్వ కూడా నిలిచిపోతుంది. అప్పీలుకు వీలుంది. కానీ ఏ క్లిక్కులు దోషమో సంస్థ బయటపెట్టదు. ఆ వివరం చెబితే మోసగాళ్లు దారులు వెతుకుతారన్నది సంస్థ వాదన. నిర్దోషి తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకోలేడన్నది బ్లాగర్ల ఫిర్యాదు. రెండింటిలోనూ నిజం ఉంది.

చట్టం, పన్నులు

ప్రకటనల ఆదాయం ఆదాయపు పన్ను పరిధిలోకి వస్తుంది. సేవల టర్నోవరు ఏటా 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. విదేశీ సంస్థకు చేసిన సేవ ఎగుమతి కిందికి వస్తే దానిపై పన్ను సున్నా శాతం. తెలుగు బ్లాగుల్లో ఈ గడప దాకా వచ్చేవి అరుదు. ప్రాయోజకుడు డబ్బుకు బదులు వస్తువో ప్రయాణమో ఇచ్చి, వాటి విలువ ఏడాదికి 20,000 రూపాయలు దాటితే 2022 జులై 1 నుంచి 10 శాతం మూలంలో పన్ను కోత (టీడీఎస్) నియమం అమలైంది.

విదేశీ వేదికలకు భారత ప్రకటనదారులు చెల్లించే మొత్తంపై 2016 జూన్ నుంచి విధించిన 6 శాతం సమీకరణ సుంకాన్ని 2025 ఏప్రిల్ 1 నుంచి ఎత్తేశారు. ఈ సుంకం బ్లాగరుపై నేరుగా పడేది కాదు. ప్రకటన కొనేవారి ఖర్చును పెంచేది.

ప్రాయోజిత రచనలకు ముద్ర తప్పనిసరి అంటూ భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూన్‌లో నియమాలు తెచ్చింది. యూరప్, బ్రిటన్ పాఠకులకు ప్రకటన చూపాలంటే 2024 జనవరి నుంచి గూగుల్ ఆమోదించిన సమ్మతి సాధనం పుటలో ఉండాలి. లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉన్న తెలుగు పాఠకుల వల్ల కాస్త మెరుగైన ధర పొందే బ్లాగులకు ఇది అదనపు పని.

వేదికల ఆధిపత్యం

బ్లాగు తెరిచే స్థలం, పాఠకుణ్ణి తెచ్చే శోధన, ప్రకటన అమ్మే వేలం, మూడూ ఒకే సంస్థవి. ప్రకటనల విపణిలో ఆ సంస్థ ఆధిపత్యంపై పలు దేశాల్లో విచారణలు జరిగాయి. భారత డిజిటల్ వార్తా ప్రచురణకర్తల సంఘం ఫిర్యాదుపై కాంపిటీషన్ కమిషన్ 2022 జనవరిలో గూగుల్‌పై దర్యాప్తుకు ఆదేశించింది. ప్రచురణకర్తల ప్రకటన సర్వరు, ప్రకటనల ఎక్స్ఛేంజీ విపణుల్లో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం సాగించిందని 2025 ఏప్రిల్‌లో అమెరికా ఫెడరల్ న్యాయస్థానం తీర్పునిచ్చింది. ఆ సెప్టెంబరులో యూరోపియన్ కమిషన్ 295 కోట్ల యూరోల జరిమానా వేసింది. మరోవైపు, శోధన పుట పైభాగంలోనే కృత్రిమ మేధ రాసిన జవాబు చూపే పద్ధతి 2024 ఆగస్టులో భారత్‌కు వచ్చింది. జవాబు అక్కడే దొరికితే బ్లాగు తెరిచే అవసరం తగ్గుతుంది, తెరవని పుటలో ప్రకటన ఉండదు. ఎలా చేయాలి, ఎక్కడ దొరుకుతుంది తరహా సమాచార టపాలకు దీని దెబ్బ ఎక్కువ, కథకూ అభిప్రాయానికీ తక్కువ.

నేరు ప్రకటనలు, ఇతర మార్గాలు

వేలం విలువ కట్టని పాఠకుడికి స్థానిక వ్యాపారి విలువ కట్టగలడు. ప్రాంతం ఒకటి, భాష ఒకటి అనే చిక్కు హెబ్బగోడి ఆంధ్రా మెస్సు యజమానికి లేదు. అతనికి కావలసింది సరిగ్గా ఆ పాఠకుడే. సంక్రాంతికి, ఉగాదికి బస్సులు నడిపే ట్రావెల్స్‌కూ అంతే. చెల్లింపు యూపీఐలో, రూపాయల్లో, 100 డాలర్ల గీత లేకుండా జరుగుతుంది. అయితే ఇదే వ్యాపారికి వాట్సాప్ స్టేటస్, గూగుల్ మ్యాప్స్‌లో పేరు ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి. అంగడి అంగడికీ తిరిగి ప్రకటన అడగడం రాయడం కంటే వేరే నైపుణ్యం కోరే పని.

స్థానికంగా ప్రకటనకు డబ్బు లేదనడానికి మాత్రం వీల్లేదు. 2025 ఆగస్టు 10న ప్రారంభమైన బెంగళూరు మెట్రో పసుపు మార్గంలో, ఆర్వీ రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా 19.15 కిలోమీటర్ల దారిలో ఉన్న ఇక్కడి స్టేషను పేరు ‘బయోకాన్ హెబ్బగోడి’. నిర్మాణానికి బయోకాన్ ఔషధ సంస్థకు చెందిన బయోకాన్ ఫౌండేషన్ 65 కోట్ల రూపాయలు సమకూర్చింది. పెద్ద సంస్థల సొమ్ము అందరి కంటా పడే చోటుకు వెళ్తుంది.

ఆనేకల్, చందాపుర, అత్తిబెలె వైపు లేఅవుట్ల ప్రకటనలు నేరు ప్రకటనల్లో ఎక్కువ డబ్బు తెచ్చేవి, ఎక్కువ జాగ్రత్త కోరేవి. 2016 స్థిరాస్తి నియంత్రణ (రెరా) చట్టం ప్రకారం నమోదు కావలసిన ప్రాజెక్టును నమోదు చేయకుండా ప్రచారం చేయకూడదు. ప్రకటనలో నమోదు సంఖ్య, రెరా వెబ్‌సైటు చిరునామా ఉండాలి. 500 చదరపు మీటర్ల లోపు స్థలానికి, 8 లోపు ఫ్లాట్లకు మినహాయింపు ఉంది. సంఖ్య అడిగితే ముఖం చాటేసే లేఅవుట్ ప్రకటనను వదులుకోవడం బ్లాగరుకే మేలు. సైటు కొని మోసపోయిన తెలుగువాడు ముందు నిలదీసేది తనకు తెలిసిన రచయితనే.

ప్రకటనలతో పని లేకుండా నడిచేవీ ఉన్నాయి. 1998లో అమెరికాలోని తెలుగువారు మొదలుపెట్టిన ‘ఈమాట’ లాభాపేక్ష లేకుండా వస్తోంది. 2014లో బెంగళూరులో పుట్టిన ‘ప్రతిలిపి’ తెలుగుతో సహా భారతీయ భాషల కథకులకు పాఠకుల చందాల నుంచి వాటా ఇస్తోంది. సీరియల్‌గా సాగే నవలలకు ఇది నప్పుతుంది. వ్యాసాలకూ సమీక్షలకూ అంతగా నప్పదు.